వెనక చక్రాల నడుమ ఒక్క లీటరు

స్పోర్ట్స్ కారు ఉన్నవాళ్లు ఇంజిన్ ఆయిల్ విషయంలో ఎంతో శ్రద్ధగా ఉంటారు. బ్రాండు దగ్గర్నుంచి మార్చిన తేదీ దాకా అన్నీ రాసిపెట్టుకుంటారు. ఆ ఇంజిన్ శక్తినంతా మోసుకొచ్చి చక్రాలకు పంచే డిఫరెన్షియల్ ఆయిల్ గురించి అడిగితే మాత్రం చాలామంది దగ్గర జవాబు ఉండదు. దాన్ని ఎప్పుడు మార్చాలి? ఎందుకు మార్చాలి? మార్చేటప్పుడు ఏం చూడాలి? ఈ వారం ముఖచిత్ర కథనం.

ఒకే కంపెనీ... రెండు జవాబులు

బీఎండబ్ల్యూ 2000 దశకంలో అమ్మిన మామూలు 3 సిరీస్ కార్ల సంగతి చూడండి. వెనక డిఫరెన్షియల్‌లో ఫ్యాక్టరీలో పోసిన ఆయిలే కారు ఉన్నంతకాలం సరిపోతుందని కంపెనీ చెప్పింది. అదే కంపెనీ, ఆ కారు ఆధారంగానే తయారుచేసిన ఎం3 కొన్నవాళ్లను మాత్రం మొదటి 2,000 కిలోమీటర్లు తిరగ్గానే బండిని వర్క్‌షాపుకి తీసుకురమ్మంది. ఆ తొలి సర్వీసులో ఇంజిన్ ఆయిల్‌తో పాటు డిఫరెన్షియల్ ఆయిల్ కూడా దించేసి కొత్తది పోస్తారు.

ఒకదానికి జీవితకాలం, ఇంకొకదానికి రెండు వేల కిలోమీటర్లు. ఇంత తేడా ఎందుకు? మన ప్రశ్నకు జవాబంతా ఆ తేడాలోనే ఉంది. ఆయిల్ ఆయుష్షును ఒక్క ఓడోమీటరే తేల్చదు. గేర్ల మీద ఎంత భారం పడింది, లోపల ఎంత వేడి పుట్టింది, ఎంత లోహపు పొడి కలిసింది, ఎక్కడినుంచైనా నీరు చేరిందా అన్నవి కలిసి తేలుస్తాయి. స్పోర్ట్స్ కారులో భారం, వేడి, పొడి మూడూ మామూలు కారు కన్నా ఎక్కువే. అందుకే ‘ఎన్ని వేల కిలోమీటర్లకు మార్చాలి?’ అని అడిగే ముందు ‘ఈ కారును ఎలా నడిపారు?’ అని అడగాలి.

మలుపు తెచ్చిన అవసరం

కారు మలుపు తిరిగేటప్పుడు బయటివైపు చక్రం లోపలి చక్రం కన్నా ఎక్కువ దూరం పోవాలి. రెండు చక్రాల మధ్య ఎడం మీటరున్నర ఉందనుకుందాం. ఒక యూ టర్న్ పూర్తయ్యేసరికి బయటి చక్రం దాదాపు 4.7 మీటర్లు ఎక్కువ తిరుగుతుంది. రెండు చక్రాలనూ ఒకే ఇరుసుకు గట్టిగా బిగిస్తే ఏదో ఒక టైరు రోడ్డును గీరుకుంటూ జారక తప్పదు.

ఈ చిక్కుముడిని విప్పినవాడు ఫ్రాన్స్‌కు చెందిన గడియారాల పనివాడు ఒనెసిఫోర్ పెక్యూర్. 1820ల చివర్లో ఆవిరి బండి కోసం ఆయన డిఫరెన్షియల్‌కు పేటెంటు తీసుకున్నాడు. 1886లో కార్ల్ బెంజ్ పేటెంటు పొందిన మూడు చక్రాల కారులోనూ డిఫరెన్షియల్ ఉంది. అంటే కారు కన్నా డిఫరెన్షియలే వయసులో పెద్దది.

వెనక చక్రాలతో నడిచే బండిలో ఇంజిన్ ముందుంటే, ప్రొపెల్లర్ షాఫ్ట్ శక్తిని వెనక్కి తెస్తుంది. షాఫ్ట్ చివర చిన్న పినియన్ ఉంటుంది. అది పెద్ద క్రౌన్ వీల్‌ను తిప్పుతుంది. క్రౌన్ వీల్‌కు బిగించిన గూడులో ఉండే చిన్న గేర్లు రెండు చక్రాలకూ అవసరమైనంత వేగాన్ని పంచుతాయి. విజయవాడ ఆటోనగర్‌లో లారీల పని చేసే ఏ మేస్త్రీని అడిగినా ‘క్రౌన్, పినియన్’ గురించి గంటసేపు చెబుతాడు. లారీలోనూ స్పోర్ట్స్ కారులోనూ సూత్రం ఒకటే. పరిమాణం, వేగం మారతాయంతే.

పళ్లు రాసుకునే చోట

1920ల ముందు పినియన్‌ను క్రౌన్ వీల్ మధ్య గీతకు సరిగ్గా ఎదురుగా అమర్చేవారు. అమెరికాలో గేర్లు కోసే యంత్రాలకు పేరున్న గ్లీసన్ సంస్థ పినియన్‌ను ఆ గీతకు కొంచెం కిందికి జరిపే పద్ధతిని తెచ్చింది. ఇవే హైపాయిడ్ గేర్లు. 1920ల మధ్యలో ప్యాకార్డ్ కంపెనీ వీటిని తన కార్లలో వాడింది. పినియన్ కిందికి దిగడంతో షాఫ్ట్ దిగింది. షాఫ్ట్ దిగడంతో కారు నేల దిగింది. పళ్లు పెద్దవై బలం పెరిగింది. చప్పుడు తగ్గింది.

ఈ మేలుకు ఒక మూల్యం ఉంది. మామూలు గేర్లలో ఒక పన్ను మీద ఇంకో పన్ను చాలావరకు దొర్లుతుంది. హైపాయిడ్‌లో దొర్లడంతో పాటు పన్ను పొడవునా గట్టిగా రాసుకుంటూ జారుతుంది. ఆ ఒత్తిడికి మామూలు ఆయిల్ పొర నిలవదు, చిట్లిపోతుంది. లోహం లోహాన్ని ముట్టుకుంటే క్షణంలో అతుక్కుని, మరుక్షణంలో చిరుగుతుంది. గేరు పన్ను మీద గీతలు పడేది ఇలాగే.

దీనికి విరుగుడుగా ఆయిల్‌లో గంధకం, భాస్వరం సమ్మేళనాలు కలిపారు. ఒత్తిడికి, వేడికి అవి ఉక్కుతో చర్య జరిపి పళ్ల మీద పలచని రసాయన పొరను కడతాయి. రాపిడికి ఉక్కు బదులు ఆ పొర అరుగుతుంది. అరిగిన చోట మళ్లీ కొత్త పొర పుడుతుంది. డిఫరెన్షియల్ మూత తీయగానే ముక్కు పుటాలదిరే ఆ ఘాటు ఈ గంధకానిదే. పొర కట్టే కొద్దీ ఆయిల్‌లో ఆ మందు ఖర్చవుతూ ఉంటుంది. ఆయిల్ మట్టం తగ్గకపోయినా సత్తువ తగ్గిపోవడమంటే ఇదే. అందుకే డిప్‌స్టిక్ చూసినట్టు మట్టం చూసి ‘నిండుగానే ఉంది కదా’ అని సరిపెట్టుకోకూడదు.

డబ్బా మీద ‘జీఎల్-5’ అని రాసి ఉంటే అది హైపాయిడ్ గేర్ల కోసం చేసిన ఆయిల్ అని గుర్తు. ‘జీఎల్-4’లో ఈ మందుల మోతాదు తక్కువ. చాలా మాన్యువల్ గేర్‌బాక్సులకు జీఎల్-4 సరిపోతుంది. గేర్‌బాక్సుకు జీఎల్-4 వాడమని పుస్తకంలో ఉంటే, డిఫరెన్షియల్‌కు తెచ్చిన జీఎల్-5ను అందులో పోయకండి. కొన్ని జీఎల్-5 ఆయిళ్లు గేర్‌బాక్సులోని ఇత్తడి రింగులను తినేస్తాయి. ‘75డబ్ల్యూ-90’, ‘75డబ్ల్యూ-140’ లాంటి అంకెలు చిక్కదనాన్ని చెబుతాయి. మొదటిది చలిలో ఎంత సులువుగా పారుతుందో, రెండోది వేడిలో ఎంత చిక్కగా నిలుస్తుందో తెలిపే అంకె. మీ కారుకు ఏది వాడాలో యజమాని పుస్తకం చెబుతుంది. చిక్కగా ఉంటే మంచిదని సొంతంగా మార్చేయడం సరికాదు.

వేడి లెక్క

ఇంజిన్ ఆయిల్‌కు పంపు ఉంది, ఫిల్టర్ ఉంది, చాలా స్పోర్ట్స్ కార్లలో కూలర్ కూడా ఉంది. మామూలు డిఫరెన్షియల్‌కు ఈ మూడింట్లో ఏదీ లేదు. తిరిగే క్రౌన్ వీల్ అడుగునున్న ఆయిల్‌ను పైకి చిమ్ముతుంది, అదే పళ్లనూ బేరింగులనూ తడుపుతుంది. అరిగిన లోహపు పొడి బయటికి పోయే దారే లేదు. ఆ పొడితోనే ఆయిల్ తిరుగుతూ ఉంటుంది.

పైగా ఆయిల్ ఉండేది కొంచెమే. 1989లో షికాగో ఆటో షోలో ప్రపంచానికి పరిచయమై, 2016 నాటికి పది లక్షలు తయారైన మజ్దా ఎంఎక్స్-5నే చూడండి. ప్రపంచంలో అత్యధికంగా అమ్ముడైన రెండు సీట్ల స్పోర్ట్స్ కారు అది. దాని తొలి తరంలో 1.8 లీటర్ల ఇంజిన్ ఉన్న కారు డిఫరెన్షియల్‌లో పట్టేది సుమారు ఒక లీటరు. దాని ఇంజిన్‌లో పట్టే ఆయిల్‌లో అది పావు వంతే.

2012లో వచ్చిన టయోటా 86 ఇంజిన్ 200 హార్స్‌పవర్, అంటే 147 కిలోవాట్లు. హైపాయిడ్ గేర్లలో నూటికి మూడు పాళ్లు రాపిడికి పోయిందనుకున్నా, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కిన క్షణాల్లో డిఫరెన్షియల్‌లో నాలుగు కిలోవాట్లకు పైగా వేడి పుడుతుంది. ఇంట్లో నీళ్లు కాచే రెండు కిలోవాట్ల గీజర్లు రెండింటిని ఆ ఒక్క లీటరు ఆయిల్‌లో పెట్టినట్టు. అదే కారు హైవే మీద 90 కిలోమీటర్ల వేగంతో నిలకడగా పోతుంటే ఇంజిన్ ఇవ్వాల్సింది పదిహేను కిలోవాట్ల ప్రాంతంలోనే. అప్పుడు డిఫరెన్షియల్‌లో పుట్టే వేడి అర కిలోవాటు దరిదాపుల్లో ఉంటుంది. వీచే గాలికి అది చల్లారిపోతుంది.

ఈ తేడా ఆయిల్‌కు ప్రాణాంతకం. ఒక స్థాయి దాటాక వేడి ప్రతి పది డిగ్రీలు పెరిగినప్పుడల్లా ఆయిల్ గాలితో కలిసి చెడిపోయే వేగం స్థూలంగా రెట్టింపవుతుందని లూబ్రికెంట్ ఇంజినీర్లు లెక్కేస్తారు. 90 డిగ్రీల దగ్గర ఉండే ఆయిల్‌తో పోలిస్తే 130 డిగ్రీలకు చేరిన ఆయిల్ పదహారు రెట్లు వేగంగా పాడవుతుందన్నమాట. రేస్ ట్రాక్ మీద ఒక మధ్యాహ్నం ఎన్నో రోజుల ఆఫీసు ప్రయాణానికి సమానమయ్యేది ఇందుకే. ఓడోమీటర్ మీద ఆ మధ్యాహ్నం వంద కిలోమీటర్లుగానే కనబడుతుంది.

జారనివ్వని డిఫరెన్షియల్

మామూలు డిఫరెన్షియల్‌కు ఒక లోపం ఉంది. ఒక చక్రం పట్టు తప్పి గిర్రున తిరిగితే శక్తి అంతా అటే పోతుంది, పట్టున్న చక్రం ఖాళీగా ఉండిపోతుంది. 1930లలో ఆటో యూనియన్ రేసు కార్లకు ఇది పెద్ద తలనొప్పిగా మారితే, జర్మనీలోని జెడ్ఎఫ్ కంపెనీ జారుడును అరికట్టే డిఫరెన్షియల్‌ను తయారుచేసిచ్చింది. అప్పటి నుంచి లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ స్పోర్ట్స్ కారుకు ఆభరణమైంది.

ఇందులో ప్రధానంగా రెండు రకాలున్నాయి. మొదటిదాంట్లో క్లచ్ పళ్లేలు ఒకదానికొకటి ఒత్తుకుని రెండు చక్రాలనూ అదుపు చేస్తాయి. ఆ పళ్లేలు అరిగినప్పుడు వచ్చే పొడి అంతా ఆయిల్‌లోనే కలుస్తుంది. పళ్లేలు మెత్తగా జారడానికి ‘ఫ్రిక్షన్ మాడిఫయర్’ అనే మందు కూడా ఆయిల్‌లో ఉండాలి. అది ఖర్చయిపోతే పార్కింగ్‌లో స్టీరింగ్ పూర్తిగా తిప్పి మెల్లగా పోతున్నప్పుడు వెనకాల నుంచి గరగరమని అదురు వస్తుంది. ఈ రకానికి ఆయిల్ అన్నిటికన్నా ముందుగా మార్చాలి.

రెండోది పూర్తిగా గేర్లతోనే పనిచేసే టోర్సెన్. అమెరికా ఇంజినీరు వెర్నాన్ గ్లీస్‌మన్ 1958లో దీనికి పేటెంటు పొందాడు. ఎంఎక్స్-5లోనూ, టయోటా 86లోనూ ఈ రకం వాడారు. క్లచ్ పళ్లేలు లేవు కాబట్టి ఆయిల్ కొంచెం ఎక్కువకాలం శుభ్రంగా ఉంటుంది. క్రౌన్, పినియన్ల రాపిడి, వేడి మాత్రం దీనికీ తప్పవు.

అసలు మీ కారులో డిఫరెన్షియల్ ఎక్కడుందో ముందు తెలుసుకోవాలి. హోండా సివిక్ టైప్ ఆర్ లాంటి ముందు చక్రాల కారులో అది గేర్‌బాక్సు లోపలే ఉంటుంది. గేర్ ఆయిల్ మారిస్తే దానికీ మారినట్టే. పాత పోర్షే 911 మాన్యువల్ కార్లలో గేర్‌బాక్సుకూ డిఫరెన్షియల్‌కూ ఒకే ఆయిల్. చాలావరకు ఇంజిన్ ముందు, డిఫరెన్షియల్ వెనక ఉన్న కార్లలోనే దీనికి విడిగా గది, విడిగా ఆయిల్, విడిగా గడువు.

గడువులు ఇవీ

కొత్త కారు: మొదటి మార్పు అన్నిటికన్నా ముఖ్యం. క్రౌన్ వీల్, పినియన్ జంటగా తయారవుతాయి, మార్చినా జంటగానే మార్చాలి. మొదటి కొన్ని వేల కిలోమీటర్లలో వాటి పళ్లు ఒకదానికొకటి ఒదుగుతూ సన్నని లోహపు పొడిని వదులుతాయి. ఎం3కి బీఎండబ్ల్యూ 2,000 కిలోమీటర్ల గడువు పెట్టింది. మీ కారు పుస్తకంలో ఏమీ రాయకపోయినా, వెనక చక్రాల స్పోర్ట్స్ కారుకు మొదటి 2,000 నుంచి 5,000 కిలోమీటర్ల లోపు ఒకసారి మార్చించడం నా సలహా. క్రౌన్, పినియన్ కొత్తవి వేయించినా ఇదే పాటించాలి.

రోడ్డు మీదే తిరిగే కారు: చాలా కంపెనీల గడువు 50 వేల నుంచి లక్ష కిలోమీటర్ల మధ్య ఉంటుంది. టోర్సెన్ లేదా మామూలు డిఫరెన్షియల్ అయితే 50 వేలకు, క్లచ్ పళ్లేల రకమైతే 30 వేలకు మార్చడం క్షేమం. తక్కువ తిరిగే కారైనా నాలుగైదేళ్లకోసారి దించి చూడాలి.

ట్రాక్ మీదికి వెళ్లే కారు: చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో గానీ, కోయంబత్తూరులోని కరి స్పీడ్‌వేలో గానీ అప్పుడప్పుడు నడిపేవాళ్లు ఏడాదికొకసారి మార్చాలి. తరచూ వెళ్లేవాళ్లు, క్లచ్ రకం డిఫరెన్షియల్ ఉన్నవాళ్లు మూడు నాలుగు ట్రాక్ రోజులకోసారి ప్లగ్గు విప్పి చూడాలి. చూశాక మార్చాలా వద్దా అన్నది ఆయిలే చెబుతుంది.

నీటిలో దిగిన కారు: ఇరుసు మునిగేంత నీటిలో బండి నడిస్తే కిలోమీటర్ల లెక్క పక్కనపెట్టి వెంటనే దించి చూడాలి.

సెకండ్ హ్యాండ్ కారు: పాత యజమాని దగ్గర రసీదు లేకపోతే, మారలేదనే అనుకుని మార్చండి.

దిగిన ఆయిల్ చెప్పే సాక్ష్యం

డ్రెయిన్ ప్లగ్గు చివర చాలా కార్లలో అయస్కాంతం ఉంటుంది. దానికి బూడిదరంగు మెత్తని ముద్ద అంటుకుని ఉంటే భయపడక్కర్లేదు, అది మామూలు అరుగుదలే. వేళ్ల మధ్య రుద్దితే గరుకుగా తగిలినా, గోరుకు అందేంత తునకలు కనబడినా గేరు పళ్లో బేరింగులో దెబ్బతింటున్నట్టు లెక్క. కొత్త ఆయిల్ పోసి సరిపెట్టుకోకుండా మూత విప్పించి చూడాలి.

రంగు కూడా మాట్లాడుతుంది. నల్లబడి మాడువాసన వస్తుంటే ఆయిల్ విపరీతంగా కాగింది, గడువు తగ్గించుకోవాలి. పాలు కలిసిన కాఫీలా ఉంటే నీరు చేరింది. వేడిగా ఉన్న డిఫరెన్షియల్ ఒక్కసారిగా వరదనీటిలో మునిగితే లోపలి గాలి కుంచించుకుపోయి, గాలి ఆడే రంధ్రమైన బ్రీదర్ గుండానో అరిగిన ఆయిల్ సీలు గుండానో బయటి నీటిని లోపలికి లాక్కుంటుంది. నీరు చేరితే బేరింగులు తుప్పు పడతాయి, ఆయిల్ పొర కట్టే శక్తి పోతుంది.

శబ్దం కోసం ఎదురుచూడటం పెద్ద పొరపాటు. వేగం పెరిగేకొద్దీ వెనకనుంచి సన్నని ఊళ వినబడుతోందంటే, పన్ను ఉపరితలం అప్పటికే పాడైంది. అరిగిన లోహాన్ని ఏ ఆయిలూ తిరిగి తేలేదు. ఆయిల్ మార్పు ఆ శబ్దం రాకముందు చేయాల్సిన పని.

మార్చే పద్ధతి

పని కష్టమైనది కాదు, క్రమం తప్పకూడదంతే. ముందు పదిహేను ఇరవై నిమిషాలు బండి నడిపితే ఆయిల్ పలచబడి, అడుగున చేరిన పొడితో సహా దిగుతుంది. కారును ర్యాంప్ మీద మట్టంగా నిలపాలి. వంకరగా ఉంటే మట్టం తప్పుతుంది. ఒట్టి జాకీ మీద లేపిన కారు కిందికి ఎప్పుడూ దూరకండి.

విప్పేటప్పుడు పైనున్న ఫిల్లర్ ప్లగ్గును మొదట విప్పాలి. ఏళ్లుగా కదలని ప్లగ్గు బిగుసుకుపోయి ఉండొచ్చు. కింది ప్లగ్గు విప్పి ఆయిలంతా వదిలేశాక పైది రాలేదంటే, కొత్త ఆయిల్ పోసే దారి లేక బండి ర్యాంపు మీదే ఉండిపోతుంది. ఆయిల్ పూర్తిగా కారనిచ్చి, అయస్కాంతాన్ని తుడిచి, కొత్త వాషరు వేసి కింది ప్లగ్గు బిగించాలి. పై రంధ్రం గుండా చేతిపంపుతో కొత్త ఆయిల్ ఎక్కిస్తూ, రంధ్రం అంచు నుంచి పొర్లడం మొదలవగానే ఆపాలి. చాలా కార్లలో మట్టానికి అదే కొలత. ఎక్కువ పోస్తే నురగ కట్టి బ్రీదర్ నుంచి, సీళ్ల నుంచి బయటికి తంతుంది. చివరిగా బ్రీదర్ మూసుకుపోలేదని చూసుకోవాలి.

దించిన ఆయిల్‌ను కాలువలో పారబోయకూడదు. వాడేసిన ఆయిల్ మన దేశంలో 2016 ప్రమాదకర వ్యర్థాల నిబంధనల కిందికి వస్తుంది. దాన్ని సేకరించే వర్క్‌షాపుకు అప్పగించడం యజమాని బాధ్యత.

మన ఇంటి ముందున్న బండికీ ఇదే

స్పోర్ట్స్ కారు లేనివాళ్లకు ఈ కథనంతో పనేముందని అనుకోవద్దు. ఇన్నోవా క్రిస్టా, స్కార్పియో, బొలెరో, ఫార్చ్యూనర్ వంటివాటికి వెనక ఇరుసులో ఇదే డిఫరెన్షియల్ ఉంది. పెళ్లి బృందంతో కిక్కిరిసి తిరుమల ఘాట్ ఎక్కే ఇన్నోవా, వానాకాలంలో హైదరాబాద్ అండర్‌పాసు నీళ్లలోంచి దాటే స్కార్పియో తమ ఆయిల్‌ను తమ తీరులో నలగ్గొడుతూనే ఉంటాయి. బరువు లాగే బండికీ, నీటిలో దిగే బండికీ పుస్తకంలో సగటు గడువు కన్నా తక్కువ గడువు వర్తిస్తుంది. ‘కఠిన వాడకం’ అనే పట్టిక చాలా పుస్తకాల్లో ఉంటుంది. అందులో మీ వాడకం ఉందేమో చూసుకోండి.

సెకండ్ హ్యాండ్ స్పోర్ట్స్ కారు కొనేవాళ్లకు ఇంకో మాట. ‘కారు ఉన్నంతకాలం’ అన్న కంపెనీ హామీ, కొత్తగా కొని నాలుగైదేళ్లకు అమ్మేసే మొదటి యజమానికి సరిపోవచ్చు. పదేళ్ల తర్వాత అదే కారును మురిపెంగా ఇంటికి తెచ్చుకునే రెండో, మూడో యజమానికి సరిపోదు. రంగు, టైర్లు, ఇంజిన్ చప్పుడు చూసి మురిసే కళ్లు, డిఫరెన్షియల్ ఆయిల్ మార్చిన రసీదును కూడా అడగాలి. అది చూపించగలిగిన యజమాని మిగతా కారును కూడా అంతే శ్రద్ధగా చూసుకుని ఉంటాడు.

స్పోర్ట్స్ కారు డిఫరెన్షియల్ పాడైతే బిల్లు లక్షల్లోకి పోతుంది. ఆయిల్, రెండు వాషర్లు, ఒక గంట కూలి కలిపితే అయ్యేది అందులో అతి చిన్న భాగం. కంపెనీ పుస్తకం సగటు డ్రైవరును దృష్టిలో పెట్టుకుని రాసింది. మీరెలా నడుపుతారో, ఎక్కడ నడుపుతారో దానికి తెలియదు, మీకు తెలుసు. కాబట్టి గడువు నిర్ణయించాల్సిందీ మీరే. మార్చిన తేదీ, ఓడోమీటర్ అంకె, ప్లగ్గుకు అంటినదేమిటి అన్న మూడు సంగతులు సర్వీసు పుస్తకంలో రాసిపెట్టండి. రెండో మార్పు నాటికి మీ కారుకు సరైన గడువు ఎంతో ఆ పేజీయే చెబుతుంది.